ఉప్పుగాలిలో ఎయిట్ హండ్రెడ్

తయారీ ఆగింది 2014లో. అయినా టెక్కలి, నౌపడ, పలాస దారుల్లో మారుతి 800 ఇంకా రోజువారీ బండే. ఇంజిన్ గురించి ఎవరికీ బెంగ లేదు. బెంగంతా రేకు గురించే.

టెక్కలి నుంచి నౌపడ మీదుగా భావనపాడు వైపు వెళ్లే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే నంబరు ప్లేటు చూసి బండి వయసు చెప్పేయొచ్చు. ఏపీ 39 అని ఉంటే 2019 నుంచి ఇటు వచ్చింది. ఏపీ 30 అయితే అంతకు ముందే శ్రీకాకుళం జిల్లాలో రిజిస్టరైంది. ఓఆర్ 07 అని కనబడిందంటే బరంపురం నుంచి సరిహద్దు దాటి వచ్చిన బండి. అది ఒడిశా తన అక్షరాలను ఓడీగా మార్చుకున్న 2012కు ముందుదన్నమాట. ఈ పాత ప్లేట్లలో చాలావాటి వెనక ఉండేది ఒకే ఆకారం. మూడున్నర మీటర్లు కూడా లేని పొడవు, పన్నెండంగుళాల చక్రాలు, నలుగురి కోసం చేసినా ఆరుగురు ఎక్కే కారు. మారుతి 800.

దాని పుట్టుక కథ చాలామందికి తెలిసిందే. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలను ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ చేతికిచ్చారు. ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. ధర 47,500 రూపాయలు, నంబరు డీఐఏ 6479. ఆయన ఆ కారును అమ్మలేదు. 2010లో ఆయన పోయాక అది ఇంటి ముందే ఎండకూ వానకూ తుప్పు పట్టిపోయింది. చివరికి కంపెనీయే దాన్ని బాగు చేయించి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టింది. మెరుగు పెట్టి అద్దాల మేడలో నిలబెట్టేస్తే ఏ బండైనా బాగానే ఉంటుంది. ఈ తీరంలోని ఉద్దానంలో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ బాగు చేయించిన బండి మర్నాడే జీడిపిక్కల బస్తా వేసుకుని కాశీబుగ్గ వెళ్లాలి.

ఈ కారు ఇలాంటి చోట ఇంతగా మిగిలిపోవడానికి ఒక కారణం కాగితాల్లోనే ఉంది. 2010 ఏప్రిల్‌లో పెద్ద నగరాల్లో బీఎస్-4 నిబంధనలు వచ్చాయి. ఆ ప్రమాణానికి ఇంజిన్‌ను మార్చడం దండగనుకుని హైదరాబాద్ సహా 13 నగరాల్లో మారుతి 800 అమ్మకం ఆపేశారు. మిగతా దేశంలో మాత్రం 2014 జనవరిలో తయారీ నిలిపేసేదాకా అమ్ముతూనే వచ్చారు. అంటే ఆఖరి నాలుగేళ్లలో తయారైన కార్లన్నీ ఊళ్లకూ చిన్న పట్టణాలకూ చేరినవే. హైదరాబాద్‌వాళ్లు జ్ఞాపకాలు చెప్పుకుంటున్న కాలంలో శ్రీకాకుళం జిల్లావాళ్లు కొత్తది కొని కొబ్బరికాయ కొట్టారు. అందుకే ఇక్కడ దొరికే బండ్లలో లేటు మోడళ్లు ఎక్కువ. పాత కార్ల మోజున్న పట్నంవాళ్లు ఈ సంగతి ఇంకా పట్టించుకున్నట్టు లేదు.

పెద్దవాళ్ల ఇళ్లలోనూ ఈ కారుకు చోటుండేది. మన్మోహన్ సింగ్ ఎన్నికల అఫిడవిట్‌లో చూపించిన కారు 1996 నాటి మారుతి 800. సచిన్ తెందూల్కర్ తన మొదటి కారైన 800 ఎక్కడుందో తెలిస్తే చెప్పమని 2020లో ఒక టీవీ కార్యక్రమంలో అడిగారు. అయితే అభిమానం వేరు, పొద్దున్నే తాళం తిప్పితే స్టార్ట్ కావడం వేరు. ఈ కథనం రెండో సంగతి గురించి.

రేకే ఛాసిస్

సముద్రపు గాలిలో ఉప్పు రేణువులు ఉంటాయి. తీరానికి దగ్గరయ్యేకొద్దీ అవి ఎక్కువ. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే చాలు, ఆ రేణువు నీటిని లాక్కుని తడి చుక్కగా మారుతుంది. వాన పడకపోయినా, బండిని కడగకపోయినా, రేకు మీద కంటికి కనిపించని ఉప్పునీళ్ల పొర ఒకటి ఎప్పుడూ ఉంటుందన్నమాట. నౌపడ ఉన్నదే ఉప్పు మడుల మధ్య. ఎండాకాలం మడుల్లో ఉప్పు పేరుకుంటున్నప్పుడు గాలి తోలితే అద్దం మీద తెల్లటి పొర వేలికి అంటుకుంటుంది. అదే పొర తలుపు అడుగున, చక్రం గూట్లో, ఫ్లోర్ కింద కూడా ఉంటుంది. అక్కడ వేలు పెట్టి చూసేవాళ్లు ఉండరు.

లారీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ తుప్పు పడితే తీసి మరొకటి కట్టించుకోవచ్చు. మారుతి 800కు అలా విడిగా ఛాసిస్ లేదు. ఒత్తి అతికిన రేకు డబ్బానే దాని ఎముకల గూడు. ఇంజిన్, చక్రాలు, సీట్లు అన్నీ ఆ రేకును పట్టుకునే ఉంటాయి. ఫ్లోర్ తుప్పు పట్టడమంటే చూపు చెడడం కాదు, బలం పోవడం. పాత 800 కొనేవాడు ముందు చూడాల్సింది ఇదీ. జనం చూసేది ఇంకోటి. బానెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టి, యాక్సిలరేటర్ తొక్కి, 'ఇంజిన్ బాగుంది' అనుకుని అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నిజానికి ఆ ఇంజిన్ ఎలా ఉన్నా బాగుచేసుకోవచ్చు.

షెడ్డులో పరీక్ష ఎలా జరుగుతుందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. పాత స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి రన్నింగ్ బోర్డు మీద ముందు నుంచి వెనక్కి జరుపుకుంటూ పోతారు. రేకు ఉన్నచోట అది టక్కున పట్టుకుంటుంది. పుట్టీ ఉన్నచోట జారి కింద పడుతుంది. పైన రంగు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, కింద మాత్రం ఇనుము లేదు. 'ఇక్కడ అంటుకోలేదు సూడండి బాబూ, ఇది పుట్టీ బండి' అని మేస్త్రీ అన్నాడంటే బేరం సగానికి పడిపోయినట్టే. తర్వాత డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు మ్యాట్ ఎత్తుతారు. దాని కింద దళసరి ఫెల్టు ఉంటుంది. పిండితే నీళ్లు కారిన బండ్లున్నాయి. ముందు అద్దం బీడింగ్ పగిలితే వాననీళ్లు డ్యాష్‌బోర్డు వెనక నుంచి దిగి ఈ ఫెల్టులోనే చేరతాయి. పైకి ఏమీ కనబడదు, రేకు మాత్రం కిందా పైనా రెండు వైపులా తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే దిగబడిపోతుంది. జాకీ పెట్టే చోట ఎత్తి చూస్తే ఇంకా స్పష్టం. బండి లేవాల్సింది పోయి జాకీయే లోపలికి పోతుంది.

బ్యాటరీ కింద ట్రే, డిక్కీలో స్టెప్నీ గుంట, నాలుగు తలుపుల అడుగంచులు కూడా ఇలాగే మోసం చేసే చోట్లు. తలుపుల అడుగున నీళ్లు కారిపోయేందుకు చిన్న కన్నాలుంటాయి. ఇసుక, ఆకు చెత్త అడ్డుపడి అవి మూసుకుపోతే తలుపులో నీళ్లు నిలుస్తాయి. ఒక తీగ ముక్కతో రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఎవరూ కేటాయించరు.

తుప్పు పట్టిన ఫ్లోర్‌ను బాగు చేయడానికి అడ్డదారి ఒకటుంది, సరైన దారి ఒకటుంది. అడ్డదారిలో కన్నం మీద ఫైబర్ గుడ్డ అతికించి, పుట్టీ మెత్తి, నల్లటి అండర్ కోటింగ్ కొట్టేస్తారు. ఆరు నెలలు బాగుంటుంది. లోపల తేమ బయటికి పోయే దారి లేక తుప్పు ఇంకా జోరుగా పాకుతుంది. సరైన దారిలో సీట్లు, మ్యాట్లు, వైరింగ్ తీసేసి, గట్టి రేకు తగిలేదాకా కుళ్లిన భాగాన్ని కోసేస్తారు. కొత్త రేకును కొలత ప్రకారం వంచి వెల్డింగ్ చేసి, అతుకులకు సీలెంట్ పట్టించి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే అండర్ కోటింగ్ కొడతారు. తలుపులు బిగించి ఉండగానే వెల్డింగ్ చేస్తాడు తెలిసిన టింకరు. లేకపోతే బాడీ వంగి తలుపు పడదు. ఇది రోజుల తరబడి సాగే పని. ఖర్చు కూడా ఒక్కోసారి బండి ధరను మించిపోతుంది. అందుకే ఉద్దానంలో బాగుపడిన 800ల కన్నా రంగు వేయించుకున్న 800లే ఎక్కువ.

పాత ఇంజిన్ ఆయిల్‌ను అడుగున పిచికారీ చేయించే అలవాటు కూడా తీరంలో ఉంది. తుప్పును కొంత ఆపుతుంది నిజమే. కానీ రబ్బరు బుష్షులను మెత్తబరుస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది, వానకు కారి పొలంలోకి పోతుంది. అంతకన్నా అడుగుభాగాన్ని తరచూ మంచినీళ్లతో కడగడం నయం. మంచినీళ్లే, గుర్తుంచుకోవాలి. నౌపడ చుట్టుపక్కల చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీరు. దాంతో బండి కడగడమంటే గాలి పోసిన ఉప్పు చాలదని ఇంకొంచెం పోయడమే. బారువ ఒడ్డుకో భావనపాడుకో వెళ్లొచ్చిన రోజు మంచినీళ్ల ట్యాప్ దొరికేదాకా ఆగడం మేలు.

మూడు సిలిండర్ల ధైర్యం

ఇంజిన్ విషయానికొస్తే కథ తేలిక. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇనుప బ్లాక్ మీద అల్యూమినియం హెడ్డు. కార్బొరేటర్ మోడల్ బలం 37 గుర్రాలు. ఓమ్నీకి కూడా దాదాపు ఇదే ఇంజిన్. ఓమ్నీ తయారీ 2019 దాకా సాగింది. 796 సీసీ ఆల్టో 2023 దాకా వచ్చింది. కాబట్టి ఇంజిన్ సామాన్లకు కరువు లేదు. పిస్టన్ రింగులు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు, వాటర్ పంపు, టైమింగ్ బెల్టు... పలాసలో లేకపోతే శ్రీకాకుళం, అక్కడా లేకపోతే విశాఖ. ఇబ్బంది పెట్టేవి బాడీ సామాన్లే. పొరుగున పాకిస్తాన్‌లో ఇదే కారును మెహ్రాన్ పేరుతో 2019 దాకా తయారు చేశారు. అక్కడి తలుపులు, ఫెండర్లు వాఘా దాటి వస్తే ఇక్కడ పండగే. రావు కాబట్టి తుక్కు దుకాణాలే దిక్కు.

రోజూ నడిపేవాడు భయపడాల్సింది ఒక్క వేడికే. అల్యూమినియం హెడ్డు వేడికి వంగుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. ఇక ఓవరాయిలింగే. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఈ తీరంలో చేయకూడని పని. ఉప్పు, సున్నం లోపల పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి. కూలెంట్ పోయాలి. మెకానిక్ వద్దన్నా పోయాలి.

కొత్త తలనొప్పి పెట్రోలులో వచ్చింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలై, 2025 నాటికి దేశమంతటా అదే మామూలైంది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు కాస్త ముందుగా మార్చుకోవాల్సి రావచ్చని, 20 నుంచి 30 వేల కిలోమీటర్ల వాడకం తర్వాత ఆ అవసరం రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. కార్బొరేటర్ బండికి ఇది ఇంకాస్త ఎక్కువే తగులుతుంది. పెట్రోలు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం, కార్బొరేటర్‌లో నీడిల్ వాల్వు రబ్బరు మొన, ఇవన్నీ ఇథనాల్ సంగతి ఎరగని రోజుల్లో చేసినవి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

అసలు చిక్కు తేమతో. ఇథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపేసిన బండిలో నీళ్లు విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఎండాకాలం జీడి పనులయ్యాక షెడ్డులో పెట్టేసి సంక్రాంతికి తీసేవాళ్ల బండ్లు ఎక్కువగా మొరాయించేది ఇందుకే. రోజూ తిరిగే బండిలో పెట్రోలు నిలవ ఉండదు, బ్రేక్ డ్రమ్ములు పట్టేయవు, బ్యాటరీ దిగదు. ట్యాంకు పట్టేది 28 లీటర్లే, వారం పది రోజుల్లో ఖాళీ అవుతుంది. పాత కారును 'జాగ్రత్తగా దాచుకోవడం' ఈ తీరంలో తప్పుడు ఆలోచన. వాడాలి.

పెన్సిల్ ప్రింట్

ఇక కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద వచ్చిన ఆంక్షల వార్తలు చూసి ఇక్కడా అంతేననుకుని తుక్కు కింద అమ్మేసినవాళ్లున్నారు. అది రాజధాని ప్రాంతానికే. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి నిషేధం లేదు. 2021లో వచ్చిన తుక్కు విధానం కూడా ఇష్టమైతేనే. బండిని తుక్కుకిచ్చి ఆ ధ్రువపత్రంతో కొత్త సొంత కారు కొంటే రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని మాత్రమే అది చెబుతుంది.

అయితే పాతబండిని ఉంచుకోవడం చవక కాదు. రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000కు పెంచారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ వెయ్యి సీసీ లోపు కార్లకు 2022 జూన్ నుంచి 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల మీద 50 శాతం తరుగు కోస్తారు. తలుపు మారిస్తే సగం డబ్బు జేబులోదే.

తుప్పు కాగితాల దాకా ఎలా వస్తుందో ఇక్కడే తెలుస్తుంది. 800 ఛాసిస్ నంబరు ఇంజిన్ గదిలో వెనక గోడ రేకు మీద కొట్టి ఉంటుంది. రెన్యువల్‌కు దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీస్తారు. ఆ రేకు పొరలు లేచి అంకెలు చెదిరితే, ఇంజిన్ ఎంత నున్నగా ఆడినా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నోరు పెగలదు. రంగు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఆర్‌సీలో తెలుపు అని ఉంటే తెలుపే వేయించాలి, లేదా మార్పును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బరంపురం నుంచి తెచ్చిన ఓఆర్ 07 బండికి అక్కడి ఆర్‌టీఓ దగ్గర ఎన్‌ఓసీ తప్పదు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలన్నది చట్టం. చవకగా వచ్చిందని ఒడిశా బండి కొని, ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టాల్సిన ఓనరు ఎక్కడున్నాడో తెలియక తిప్పలు పడేవాళ్లకు కొదవ లేదు.

'వింటేజ్ కింద రాయించుకోవచ్చు కదా' అనేవాళ్లకు ఒక మాట. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటిన వాహనం. 1983లో వచ్చిన తొలి 800కే ఆ హోదా 2033 దాకా రాదు. వచ్చినా అలాంటి బండిని రోజువారీ పనులకు వాడకూడదు. సంతకు వెళ్లే కారుకు అది పనికిరాని గౌరవం.

గౌరవమంటే గుర్తొచ్చింది. 2024 నవంబరులో గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాలో ఒక రైతు కుటుంబం తమకు కలిసొచ్చిన పాత వేగనార్‌కు పూలదండలు వేసి, గొయ్యి తీసి, పూజారుల మంత్రాల మధ్య సమాధి చేసింది. సుమారు నాలుగు లక్షలు ఖర్చు పెట్టి, పదిహేను వందల మందికి భోజనాలు పెట్టారు. నౌపడ మట్టిలో కారును పాతిపెట్టడం వృథా ప్రయాస. పైనుంచే ఉప్పు ఆ పని చేసిపెడుతుంది.

ఎంత దూరం?

ఈ బండిలో ఏమి లేవో కూడా చెప్పాలి. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, గుద్దుకుంటే నలిగి దెబ్బను మింగే ముందుభాగం లేదు. 800 తయారీ ఆగిన 2014 జనవరి నెలలోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆల్టో 800ను ఢీకొట్టించి చూసి సున్నా స్టార్లు ఇచ్చింది. ఆల్టో దాని తర్వాత తరం కారు. ఇక 800 సంగతి విడిగా చెప్పక్కర్లేదు. ఫ్లోర్ తుప్పు పట్టిందంటే సీటు బెల్టు బోల్టు పట్టుకునే చోటు కూడా నమ్మలేనిదే.

అందుకని దేనికి వాడాలో తేల్చుకోవాలి. కొబ్బరి తోటల మధ్య రెండు బళ్లు ఎదురెదురు పడితే ఒకటి వెనక్కి పోవాల్సిన ఉద్దానం దారుల్లో దీన్ని మించిన కారు లేదు. 4.4 మీటర్ల టర్నింగ్ రేడియస్‌తో ఎక్కడైనా తిరుగుతుంది. వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ల నుంచి డయాలసిస్‌కు పలాస కిడ్నీ ఆస్పత్రికి వెళ్లొచ్చే కుటుంబాలకు వానలో తడవని, ఆటో కోసం ఎదురుచూడక్కర్లేని నాలుగు చక్రాలు ఎంత అవసరమో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ మూలపేట పోర్టు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద, రాత్రిపూట పదహారో నంబరు హైవే మీద ఈ కారు ఒంటరిది. రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విశాఖకు దీనిలో బయల్దేరడం సాహసమే. పలాసలో రైలెక్కడం తెలివైన పని.

కొనేవాళ్లు అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ చూసేముందు మ్యాట్ ఎత్తండి, ఛాసిస్ నంబరు చదవండి. ఇప్పటికే ఏపీ 30 బండి ఉన్నవాళ్లు ఆర్‌సీ తీసి గడువు తేదీ చూసుకోండి. ఆ తేదీకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాటిపోతే నెలకు 500 రూపాయల చొప్పున అదనం పడుతుంది. 2010లో కొన్న 800ల గడువు 2025లో తీరిపోయింది. ఆఖరి బ్యాచ్ కార్ల గడువు 2029లో తీరుతుంది.